కార్మెల్ కూడళ్లు: ఒక చిన్న నగరం రహదారుల చరిత్ర

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్ మహానగరానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న చిన్న నగరం కార్మెల్. 2020 జనగణన ప్రకారం దీని జనాభా 99,757. కీస్టోన్ పార్క్‌వే, యూఎస్ 31 అనే రెండు పెద్ద రహదారులు ఈ ఊరి గుండా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతాయి. ఊరి వీధులు తూర్పు పడమరలుగా వచ్చి ఆ రెండింటినీ వరసగా దాటుతాయి. ఒకప్పుడు ఈ దాటే చోటల్లా సిగ్నల్ ఉండేది, సిగ్నల్ దగ్గరల్లా వాహనాల బారు ఉండేది. ఇప్పుడు ఆ రెండు రహదారుల మీదా ఊరి మధ్యలో సిగ్నళ్లు లేవు. నగరం మొత్తంలో 150కి పైగా రౌండబౌట్లు, అంటే మధ్య దిమ్మె చుట్టూ వాహనాలు తిరిగే వలయాలు, ఉన్నాయి. అమెరికాలో మరే నగరంలోనూ ఇన్ని లేవు. బండి బాటల కూడలి నుంచి ఇక్కడికి రావడానికి ఈ ఊరికి దాదాపు 180 ఏళ్లు పట్టింది. రేపటి రద్దీని ఈరోజే లెక్కగట్టే విద్య ఎలా పుట్టిందో, దాన్ని ఒక చిన్న ఊరు ఎలా వాడుకుందో ఆ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

సర్వే గీతల మీద పుట్టిన కూడళ్లు

కార్మెల్‌లో కూడళ్లు ఎక్కడెక్కడ రావాలో ఊరు పుట్టకముందే ఖాయమైంది. 1785 నాటి భూచట్టం ప్రకారం ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న నేలను అమెరికా ప్రభుత్వం ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరాలుగా కొలిపించింది. ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్. దాన్ని మళ్లీ మైలు చొప్పున కోసి 36 సెక్షన్లు చేశారు. ఉత్తర దక్షిణాలుగా సాగుతూ టౌన్‌షిప్ వరసలను వేరుచేసే గీతను రేంజ్ లైన్ అన్నారు. స్థిరపడడానికి వచ్చిన రైతులు ఈ గీతల వెంటే బండి బాటలు వేసుకున్నారు. గీత రెండు పొలాల మధ్య హద్దు కాబట్టి బాట కోసం ఎవరి చేనూ రెండుగా చీలేది కాదు.

ఆ లెక్క నేటి వీధుల పేర్లలోనే ఉంది. నగరానికి దక్షిణపు హద్దు 96వ వీధి, ఉత్తరపు హద్దు 146వ వీధి. వాటి మధ్య 106, 116, 126, 136 అంకెల వీధులు సరిగ్గా మైలుకొకటి వస్తాయి. 131వ వీధి అరమైలు దగ్గర వస్తుంది. అదే ఊరి మెయిన్ స్ట్రీట్. రేంజ్ లైన్ మీద పడిన బాట రేంజ్‌లైన్ రోడ్డు అయింది.

ఈ రెండూ కలిసే చోటే ఊరు మొదలైంది. 1837లో నలుగురు భూస్వాములు ఇక్కడ స్థలాలు విడగొట్టి బెత్లెహెమ్ అనే పేరుతో ఊరిని నమోదు చేశారు. ఇండియానాలో అప్పటికే బెత్లెహెమ్ పేరుతో ఒక తపాలా కార్యాలయం ఉండడంతో, 1846లో ఇక్కడ పెట్టిన తపాలా కార్యాలయానికి కార్మెల్ అని పేరు పెట్టారు. 1874లో ఊరు కూడా అదే పేరు తీసుకుంది. 1880ల్లో మోనన్ రైలు మార్గం వచ్చింది. ఆ తరువాత కూడా చాలా కాలం ఇది మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న వ్యవసాయ పట్టణంగానే ఉంది. గుర్రపు బళ్ల కాలంలో నాలుగు దారుల కూడలిని నడపడానికి ఏ ఏర్పాటూ అవసరం లేకపోయింది. ఎదురెదురు పడ్డవాళ్లు చూసుకుని దారి ఇచ్చుకునేవారు.

తొలి సిగ్నల్

కూడలిని యంత్రంతో నడపాలన్న ప్రయత్నం లండన్‌లో మొదలైంది. 1868 డిసెంబరులో పార్లమెంటు భవనం దగ్గర రైల్వే ఇంజనీరు జె.పి. నైట్ రూపొందించిన గ్యాసు దీపాల సిగ్నల్‌ను నిలబెట్టారు. కొద్ది వారాలకే అది పేలి, దాన్ని తిప్పుతున్న పోలీసు గాయపడ్డాడు. విద్యుత్తు వచ్చాక ఆ ఆలోచన మళ్లీ లేచింది. 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విద్యుత్ సిగ్నల్ పనిచేయడం మొదలైంది. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి నాలుగు వైపులా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు చూపే సిగ్నల్ తయారుచేశాడు.

ఇవన్నీ మహానగరాల్లో జరిగినవి. చిన్న ఊరైన కార్మెల్‌లో 1924లోనే మెయిన్ స్ట్రీట్, రేంజ్‌లైన్ రోడ్డు కూడలిలో స్వయంచాలక సిగ్నల్ ఒకటి వెలిగింది. లెస్లీ హెయిన్స్ దాని రూపకర్త. మనిషి తిప్పనక్కర్లేకుండా దానంతటదే మారే సిగ్నళ్లలో దేశంలోనే తొలితరం వాటిలో అది ఒకటి. దాన్ని పాత మోనన్ రైలు స్టేషన్‌లో భద్రపరిచారు.

కూడలిలో ఉన్న కొద్దిపాటి స్థలాన్ని వాహనాలకు వంతులవారీగా పంచడమే సిగ్నల్ చేసే పని. వాహనాలు తక్కువగా ఉన్నంతకాలం ఈ పంపకం సాఫీగా సాగుతుంది. పెరిగే కొద్దీ ఇదే పంపకం రోడ్డు సామర్థ్యానికి కత్తెర వేస్తుంది. దీని లెక్క తేలడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది.

బారు పెరిగే తీరు

రోడ్డు మీద వాహనాల వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని 1930ల్లో అమెరికన్ ఇంజనీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ ఫొటోలు తీసి కొలిచాడు. 1950లో అమెరికాలో రహదారుల సామర్థ్యంపై తొలి ప్రామాణిక గ్రంథం, హైవే కెపాసిటీ మాన్యువల్, వెలువడింది. 1958లో బ్రిటన్ రహదారి పరిశోధన సంస్థకు చెందిన ఎఫ్.వి. వెబ్‌స్టర్ సిగ్నల్ దగ్గర సగటున ఎంత ఆలస్యం అవుతుందో, ఏ దారికి ఎంతసేపు ఆకుపచ్చ ఇస్తే ఆ ఆలస్యం అతి తక్కువగా ఉంటుందో చెప్పే సూత్రం ఇచ్చాడు. ప్రపంచంలో చాలా దేశాలు ఇప్పటికీ ఆ సూత్రంతోనే మొదలుపెడతాయి.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఆకుపచ్చ దీపం గంటసేపూ వెలుగుతూనే ఉంటే ఒక లేనులో దాదాపు 1,900 కార్లు కూడలి దాటగలవు. కానీ అడ్డ వీధికీ, మలుపు తిరిగేవారికీ కూడా వంతు ఇవ్వాలి. వంద సెకన్ల చుట్టులో ఒక లేనుకు 40 సెకన్లు ఆకుపచ్చ దొరికితే గంటకు 760 కార్లే దాటుతాయి. ఈరోజు ఆ లేనులో రద్దీ గంటలో 700 కార్లు వస్తున్నాయనుకుంటే ఎవరికీ పెద్ద ఇబ్బంది కనిపించదు. ఏటా రెండు శాతం చొప్పున పెరిగితే అయిదో ఏడాదికి 773 అవుతాయి. అప్పటికే కూడలి నిండిపోయింది. పదో ఏడాదికి 853 వస్తాయి. గంట ముగిసేసరికి 93 కార్లు దాటలేక మిగిలిపోతాయి. ఒక్కో కారుకు ఏడున్నర మీటర్లు వేసుకుంటే బారు పొడవు దాదాపు 700 మీటర్లు. కార్మెల్‌లో 126వ వీధికీ మెయిన్ స్ట్రీట్‌కూ మధ్య దూరం 800 మీటర్లే. అంటే ఒక సిగ్నల్ దగ్గర మొదలైన బారు వెనక్కి పాకి దాదాపు మరో సిగ్నల్‌ను తాకుతుంది. అలా తాకితే వెనకటి కూడలిలో ఆకుపచ్చ వెలిగినా కార్లు కదలవు.

ఈ లెక్కలో ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. సామర్థ్యంలో ముప్పావు వంతు వరకు వాహనాలు పెరిగినా ఆలస్యం పెద్దగా పెరగదు. నిండడానికి దగ్గరపడ్డాక ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే రద్దీ కంటికి కనబడే వేళకు దాన్ని నివారించే సమయం చాలావరకు గడిచిపోయి ఉంటుంది. 1965లో హైవే కెపాసిటీ మాన్యువల్ రెండో కూర్పు రహదారి సేవలకు ఎ నుంచి ఎఫ్ వరకు మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. ఆ పద్ధతి నేటి రూపంలో, సిగ్నల్ కూడలిలో ఒక్కో వాహనానికి సగటు ఆలస్యం 10 సెకన్లలోపు ఉంటే ఎ, 35 నుంచి 55 సెకన్ల వరకు డి, 80 సెకన్లు దాటితే ఎఫ్. నగర పాలకులకు, పౌరులకు ఇంజనీర్ల లెక్కను అర్థమయ్యేలా చెప్పింది ఈ మార్కులే.

ఇరవై ఏళ్ల ముందుచూపు

ఉన్న వాహనాలను లెక్కపెట్టడం ఒక ఎత్తు, రాబోయేవాటిని లెక్కగట్టడం మరో ఎత్తు. ఈ రెండో పనికి 1950ల్లో డెట్రాయిట్, చికాగో నగరాల ట్రాఫిక్ అధ్యయనాలు పునాది వేశాయి. రెండింటికీ జె. డగ్లస్ కారల్ సారథ్యం వహించాడు. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతిలో నాలుగు మెట్లు ఉన్నాయి. ఒక ప్రాంతంలోని ఇళ్లు, ఉద్యోగాలు, దుకాణాల నుంచి రోజూ ఎన్ని ప్రయాణాలు పుడతాయో మొదట అంచనా వేస్తారు. అవి ఎక్కడి నుంచి ఎక్కడికి సాగుతాయో తరువాత పంచుతారు. కారులోనా, బస్సులోనా అన్నది మూడో మెట్టు. ఏ రోడ్డు మీదుగా వెళ్తాయన్నది చివరిది. జనాభా 50,000 దాటిన పట్టణ ప్రాంతాలు ఇలాంటి నిరంతర ప్రణాళిక తయారుచేస్తేనే కేంద్ర రహదారి నిధులు ఇవ్వాలని 1962 చట్టం నిబంధన పెట్టింది.

చిన్న నగరాల్లో ఈ పని కూడలి స్థాయికి దిగుతుంది. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో మనుషులు కూడలి మూలన నిలబడి, పావుగంటకొకసారి ప్రతి దారి నుంచీ ఎడమకు ఎన్ని, నేరుగా ఎన్ని, కుడికి ఎన్ని వాహనాలు వెళ్లాయో రాసుకుంటారు. ఇటీవల కెమెరాలు ఆ పని చేస్తున్నాయి. అన్నిటికన్నా ఒత్తిడి ఉన్న గంటను తీసుకుని, దానికి ఏటా పెరిగే శాతాన్ని, అనుమతి పొందిన కొత్త కాలనీల, ఆఫీసుల ప్రయాణాలను కలుపుతారు. సాధారణంగా ఇరవై ఏళ్ల తరువాతి సంవత్సరాన్ని డిజైన్ సంవత్సరంగా పెట్టుకుంటారు. ఆ ఏటి వాహనాలను ఇప్పటి కూడలిలోకి కాగితం మీద నడిపించి ఎన్ని సెకన్లు ఆలస్యమవుతుందో చూస్తారు.

ఈ అంచనా దానంతట అది ఖాయమయ్యే సంఖ్య కాదు. ఏ పొలంలో ఎన్ని ఇళ్లకు అనుమతి ఇస్తారో దాన్ని బట్టే సంఖ్య మారుతుంది. వెడల్పు చేసిన రోడ్డు కొత్త వాహనాలను కూడా పిలుచుకొస్తుంది. రద్దీ గంటలో పట్టణ రహదారి ఎంత వెడల్పు చేసినా మళ్లీ నిండుతుందని 1962లోనే ఆంథొనీ డౌన్స్ రాశాడు. కాబట్టి భవిష్యత్తు అంచనా అంటే సగం లెక్క, సగం ఊరు తీసుకునే నిర్ణయం.

పల్లె నుంచి శివారు నగరం

కార్మెల్ విషయంలో ఆ అంచనా అవసరం 1956 అంతర్రాష్ట్ర రహదారుల చట్టంతో తలెత్తింది. ఇండియానాపొలిస్ చుట్టూ ఐ-465 అనే రింగ్ రోడ్డు కట్టి 1970 నాటికి పూర్తిచేశారు. దాని ఉత్తర భాగం కార్మెల్ దక్షిణపు హద్దు పక్కనుంచే పోతుంది. మహానగరంలో ఉద్యోగం, కార్మెల్‌లో ఇల్లు అన్న జీవితం సాధ్యమైంది. 1950లో వెయ్యి మందికి కాస్త పైన ఉన్న జనాభా 1980కి 18,272కు, 1990కి 25,380కి, 2000కు 37,733కు చేరింది. 2010లో 79,191 అయింది. చుట్టుపక్కల ప్రాంతాలను నగరంలో కలుపుకోవడం కూడా ఈ చివరి దూకుడుకు ఒక కారణం.

ఈ జనమంతా ప్రయాణించే దారులు మాత్రం అవే. 1926లో దేశవ్యాప్త నంబర్ల వ్యవస్థలో ఏర్పడిన యూఎస్ 31, మిషిగన్ నుంచి దక్షిణాన అలబామా దాకా వెళ్లే పాత రహదారి. కార్మెల్‌లో దానికి మెరిడియన్ స్ట్రీట్ అని కూడా పేరు. పెద్ద కంపెనీల కార్యాలయాలు దాని రెండు పక్కలా వరసగా వెలిశాయి. దానికి తూర్పున, పాత ఊరిని తప్పిస్తూ వేసిన నాలుగు లేన్ల కీస్టోన్ ఎవెన్యూ (నేటి కీస్టోన్ పార్క్‌వే), రాష్ట్ర రహదారి 431గా ఉండేది. రెండూ సర్వే గీతల నాటి వీధులను ప్రతి మైలుకూ, కొన్నిచోట్ల అరమైలుకే దాటేవి. ఊరి వెలుపల నుంచి దూరం పోయే లారీ, బడికి పిల్లల్ని దింపే తల్లి కారు, ఆఫీసుకు వెళ్లే ఉద్యోగి ఒకే సిగ్నల్ దగ్గర వంతు కోసం ఆగేవారు. దూర ప్రయాణానికీ, ఊరి ప్రయాణానికీ మధ్య ఈ ఘర్షణే చిన్న నగరాల రహదారి కూడళ్లన్నిటికీ ఉన్న అసలు సమస్య.

వలయం పాత చరిత్ర

కూడలి మధ్యలో గుండ్రని దిమ్మె కట్టి, వాహనాలన్నీ దాని చుట్టూ ఒకే దిశలో తిరిగేలా చేసే పద్ధతి సిగ్నళ్లంత పాతదే. న్యూయార్క్‌లో విలియం ఫెల్ప్స్ ఇనో సూచనపై 1905లో కొలంబస్ సర్కిల్‌లో ఇది అమలైంది. 1907లో పారిస్‌లో యూజీన్ హెనార్ ఆలోచనతో ఎత్వాల్ కూడలిలో ఒకే దిశ ప్రదక్షిణ మొదలైంది. 1909లో బ్రిటన్‌లోని లెచ్‌వర్త్ ఉద్యాన నగరంలో ఆ దేశపు తొలి వలయం కట్టారు.

అమెరికాలో కట్టిన పాత సర్కిళ్లకు పెద్ద లోపం ఉండేది. బయటి నుంచి లోపలికి వచ్చే వాహనానికి ముందు హక్కు ఇచ్చేవారు. రద్దీ వేళ లోపలికి వచ్చేవి ఎక్కువై, బయటకు పోవాల్సినవి కదలలేక, సర్కిల్ మొత్తం బిగుసుకుపోయేది. 1950ల నాటికి అమెరికన్ ఇంజనీర్లు వాటిని కట్టడం దాదాపు మానేశారు. బ్రిటన్ పరిశోధకుడు ఫ్రాంక్ బ్లాక్‌మోర్ తదితరుల ప్రయోగాల ఫలితంగా 1966 నవంబరులో ఆ దేశం నియమాన్ని తిరగేసింది. లోపల తిరుగుతున్న వాహనానిదే ముందు హక్కు. వచ్చేవాడు ఆగి, సందు చూసుకుని ప్రవేశించాలి. ఈ ఒక్క మార్పుతో వలయం బిగుసుకుపోవడం ఆగింది. ప్రవేశించేటప్పుడు వంపు ఉండేలా దారిని మలచి వేగాన్ని కూడా తగ్గించారు. 1980లో ఆర్.ఎం. కింబర్ వలయంలోకి గంటకు ఎన్ని వాహనాలు రాగలవో లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. అప్పటి నుంచి రౌండబౌట్ భవిష్యత్తునూ సిగ్నల్ భవిష్యత్తునూ పక్కపక్కన పెట్టి పోల్చడం వీలైంది.

నాలుగు రోడ్ల మామూలు కూడలిలో రెండు వాహనాల దారులు ఒకదాన్నొకటి ఒరుసుకునే బిందువులు 32 ఉంటాయి. ఒక లేను రౌండబౌట్‌లో అవి ఎనిమిదే. ఎదురెదురుగా గుద్దుకోవడానికీ, లంబంగా వచ్చి పక్కనుంచి ఢీకొట్టడానికీ అక్కడ చోటు దాదాపు ఉండదు. ఈ కొత్త తరహా రౌండబౌట్లు అమెరికాలో 1990లో నెవాడా రాష్ట్రంలోని సమర్లిన్‌లో మొదలయ్యాయి. 1995లో కొలరాడోలోని వెయిల్ పట్టణం అంతర్రాష్ట్ర రహదారికి ఎక్కే, దిగే దారులైన ర్యాంపుల చివర రౌండబౌట్లు కట్టింది. రహదారి కూడలిలోనూ వలయం పనిచేస్తుందని అక్కడ తేలింది.

కార్మెల్ ఎంపిక

1996 జనవరిలో జేమ్స్ బ్రెయినార్డ్ కార్మెల్ మేయర్ అయ్యాడు. 2023 చివరి వరకు, ఏడు పర్యాయాలు, ఆ పదవిలో కొనసాగాడు. బ్రిటన్‌లో చదువుకునే రోజుల్లో అక్కడి రౌండబౌట్లు చూసిన అనుభవం ఆయనకు ఉంది. 1990ల చివర్లో నగరం తొలి రౌండబౌట్లు కట్టింది. అవి ఊరి అంచున, కొత్తగా వేస్తున్న రోడ్ల మీద వచ్చాయి. అలవాటు లేని జనం మొదట భయపడ్డారు. ప్రమాదాలు పెరగకపోవడం, సాయంత్రం బారులు తగ్గడం చూశాక వ్యతిరేకత తగ్గుతూ వచ్చింది. తరువాత పాత సిగ్నళ్లను తీసేసి వాటి స్థానంలో రౌండబౌట్లు కట్టే పని మొదలైంది.

రౌండబౌట్ల వల్ల రోడ్డు వెడల్పు లెక్క కూడా మారిపోయింది. సిగ్నల్ దగ్గర ఎరుపు వెలిగినంతసేపూ ఆగే కార్లను నిలపడానికి అదనపు లేన్లు కావాలి. ఆ లేన్ల కోసం కూడలికి చాలా దూరం ముందు నుంచే రోడ్డు వెడల్పు చేయాలి. రౌండబౌట్‌లో ప్రవాహం ఆగి ఆగి గుంపులుగా కాక సన్నగా సాగుతుంది కాబట్టి, కూడలి దగ్గర కాస్త ఎక్కువ స్థలం ఇస్తే మధ్య దారి ఇరుకుగా ఉన్నా సరిపోతుంది. మిగిలిన స్థలం కాలిబాటలకు, సైకిల్ దారులకు, చెట్లకు దక్కింది. నగర రహదారుల ప్రణాళిక పటంలో భవిష్యత్తులో రౌండబౌట్లు రావలసిన చోట్లను ముందే గుర్తించి ఉంచారు. కొత్త కాలనీ అనుమతికి వచ్చినప్పుడు ఎంత స్థలం వదలాలో అప్పటికే తెలిసి ఉంటుంది. పక్కన భవనాలు లేచాక అదే స్థలం సంపాదించాలంటే అనేక రెట్లు ఖర్చవుతుంది.

కీస్టోన్ మార్పు

అతి పెద్ద పరీక్ష కీస్టోన్. అది రాష్ట్రానికి చెందిన రహదారి కావడంతో నగరం దాని మీద చేయి వేయడానికి వీలు లేకపోయింది. 2007లో రాష్ట్రం ఆ రహదారిని నగరానికి వదిలేసి, దాన్ని బాగుచేసుకోవడానికి 9 కోట్ల డాలర్లు ఇచ్చింది. నిర్వహణ బాధ్యత ఇక ఎప్పటికీ నగరానిదే. దానికి బదులుగా ఎలా కట్టుకోవాలో నిర్ణయించే హక్కు దక్కింది.

106, 116, 126, 131, 136వ వీధులు, కార్మెల్ డ్రైవ్ కలిసే ఆరు కూడళ్లను నగరం ఒకదాని తరువాత ఒకటిగా మార్చి 2010 నాటికి పూర్తిచేసింది. ఒక్కో చోట కీస్టోన్‌ను నేల మట్టం కన్నా కిందికి దించారు. అడ్డ వీధి దాని మీదుగా వంతెనపై దాటుతుంది. వంతెనకు రెండు చివర్లా ఒక్కో వలయం. కానీ అవి పూర్తి వలయాలు కావు. వంతెన వైపు మూసుకుని కన్నీటి బొట్టు ఆకారంలో ఉంటాయి. రెండు బొట్లూ కలిసి పైనుంచి చూస్తే వేరుశెనగ కాయలా కనిపిస్తాయి. కీస్టోన్ నుంచి పైకి వచ్చిన కారు వలయం దగ్గర ఎడమ వైపు నుంచి వచ్చే వాహనాలకు దారి ఇచ్చి, లోపలికి చేరి, కావలసిన వైపు బయటపడుతుంది. అమెరికాలో కుడి వైపు నడపాలి కాబట్టి అక్కడ వలయంలో తిరగడం అపసవ్య దిశలో ఉంటుంది. వంతెన దాటి రెండో బొట్టులోకి వచ్చే కారు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. కింద కీస్టోన్ మీద నేరుగా పోయే వాహనానికి సిగ్నల్ అన్నదే లేదు.

ఈ నమూనాతో స్థలం బాగా ఆదా అయింది. మామూలు ఇంటర్‌చేంజ్‌లో (వంతెనతో దాటే కూడలిలో) మలుపు కోసం ఆగే కార్లకు వంతెన మీద అదనపు లేన్లు కావాలి, ర్యాంపులు దూరంగా విస్తరించాలి. ఇక్కడ ఆగే కార్లు లేకపోవడంతో వంతెన ఇరుకుగా కట్టినా సరిపోయింది. రెండు పక్కలా ఉన్న ఇళ్లు, దుకాణాలు చాలావరకు నిలిచాయి. రహదారి కిందికి దిగడంతో ఊరి తూర్పు పడమర భాగాలు మళ్లీ నడిచి దాటగలిగేలా కలిశాయి.

యూఎస్ 31 కథ కాస్త వేరు. అది కేంద్ర నంబరు గల దూర రహదారి. దాన్ని మార్చే డబ్బు రాష్ట్రం దగ్గరే ఉంది. 2006లో ఇండియానా తన టోల్ రోడ్డును 75 ఏళ్లకు లీజుకిచ్చి దాదాపు 380 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ నిధుల పథకంలో, కార్మెల్ ఉన్న హామిల్టన్ కౌంటీలోని యూఎస్ 31ను సిగ్నళ్లు లేని ఫ్రీవేగా మార్చే పని చేర్చింది. 2011లో మొదలైన నిర్మాణం 2015 ప్రాంతానికి ముగింపుకు వచ్చింది. కార్మెల్ హద్దుల్లో ర్యాంపుల చివర్లలో రౌండబౌట్లు వచ్చాయి. దూర వాహనాలు ఊరి వీధులతో కలవకుండా పోవడం, ఊరి వాహనాలు రహదారిని ఆగకుండా దాటడం అనే సూత్రం రెండు రహదారుల మీదా అమలైంది.

ఫలితాలు, పరిమితులు

సిగ్నళ్లు, స్టాప్ బోర్డులు ఉన్న కూడళ్లను రౌండబౌట్లుగా మార్చిన చోట గాయాలయ్యే ప్రమాదాలు 76 శాతం తగ్గాయని అమెరికాలో 2000 ప్రాంతంలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. కార్మెల్‌పైనే ఆ తరువాత ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ చేసిన పరిశీలనలో అక్కడి రౌండబౌట్లలో గాయాలయ్యే ప్రమాదాలు దాదాపు సగం తగ్గినట్టు తేలింది. కీస్టోన్ బొట్టు వలయాల దగ్గర తగ్గుదల ఇంకా ఎక్కువ. రోడ్డు ప్రమాదాల్లో ఏటా లక్ష జనాభాకు కార్మెల్‌లో చనిపోయేవారు సుమారు ఇద్దరు. దేశ సగటు పదికి పైనే. ప్రాణాలు నిలపడం ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఫలితం.

అయితే అన్నీ సుగుణాలే కావు. రెండు, మూడు లేన్ల రౌండబౌట్లలో లేను మారే తడబాటు వల్ల చిన్న చిన్న రాపిడి ప్రమాదాలు తరచు జరుగుతాయి. ఒకే వైపు నుంచి ఆగని ప్రవాహం వస్తుంటే దాని తరువాతి దారిలోని వారికి సందు దొరకదు. చూపులేని పాదచారికి వాహనాలు ఎప్పుడు ఆగుతాయో వినికిడితో గుర్తించడం కష్టం. పాత ఊరి మధ్యలో భవనాలు రోడ్డును ఆనుకుని ఉన్న చోట వలయానికి స్థలమే ఉండదు. తొలి సిగ్నల్ వెలిగిన మెయిన్ స్ట్రీట్, రేంజ్‌లైన్ రోడ్డు కూడలి అలాంటిదే. రోడ్లకు, ఊరి కేంద్రం పునర్నిర్మాణానికి నగరం చేసిన భారీ అప్పు ఎన్నికల్లో పదేపదే విమర్శకు గురైంది. ఇరవై ఏళ్ల అంచనాకు కట్టిన కూడలి ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షకు నిలబడాలి. జనాభా లక్షకు చేరిన ఊరిలో ఆ పరీక్ష దగ్గరపడుతోంది.

తెలుగు నేలపై ఇదే ప్రశ్న

భారతదేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976లో రోటరీల (వలయ కూడళ్ల) ప్రమాణాలను ఐఆర్‌సీ 65గా ప్రచురించింది. అన్ని వైపుల నుంచీ కలిపి గంటకు సుమారు 3,000 వాహనాల వరకే రోటరీ సమర్థంగా పనిచేస్తుందని ఆ ప్రమాణం పేర్కొంది. ఆ హద్దును మన జాతీయ రహదారుల మీది పట్టణ సర్కిళ్లు ఎన్నో దాటిపోయాయి. కోల్‌కతా–చెన్నై రహదారి, హైదరాబాద్–మచిలీపట్నం రహదారి కలిసే విజయవాడ బెంజ్ సర్కిల్‌లో నగరం చుట్టూ పూర్తిగా కట్టుకుపోయాకే ఫ్లైఓవర్లు వచ్చాయి. మొదటిది 2020లో తెరుచుకుంది. అక్కడ ద్విచక్ర వాహనాలు, ఆటోలు, లారీలు, పాదచారులు కలిసి నడుస్తారు. కార్మెల్ వలయాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అలాంటి చోట పెట్టలేం. తేవలసింది ఆ ఊరు అనుసరించిన క్రమాన్ని: రద్దీ గంటలో కూడలిని లెక్కపెట్టడం, రాబోయే కాలనీలను ఆ లెక్కలో కలపడం, దూర ప్రయాణాన్నీ ఊరి ప్రయాణాన్నీ వేరుచేసే దారి ఆలోచించడం, అందుకు కావలసిన స్థలాన్ని లేఅవుట్ అనుమతి రోజునే ప్రజల పేర రాయించుకోవడం.

జాతీయ రహదారి పక్కన పెరుగుతున్న ప్రతి చిన్న నగరం ఈ పని ఇప్పుడే చేసుకోవాలి. వంతెన కట్టే డబ్బు తరువాతైనా వస్తుంది. కట్టుకుపోయిన కూడలిలో స్థలం మళ్లీ దొరకదు.